వాడ చరిత్ర – 23: సీటుకు కాళ్లొచ్చిన కథ



ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఎనిమిది అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, నరసన్నపేట, ఆమదాలవలస, శ్రీకాకుళం, ఎచ్చెర్ల. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. ఎనిమిదీ జనరలే. ఎస్సీ రిజర్వుడు ఒక్కటీ లేదు, ఎస్టీ రిజర్వుడు ఒక్కటీ లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం విజయనగరం జిల్లాకు పోయింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు పోయింది. ఆ రెంటితో పాటు మన జిల్లా రిజర్వుడు సీట్లు రెండూ పోయాయి. నియోజకవర్గాల గీతలు మారలేదు, జిల్లా గీత మారింది, అంతే అంటారు. నిజమే. కానీ మా కంచిలిలో ఒక దళిత పిల్ల డిగ్రీ చదివి, నేనూ ఎమ్మెల్యే కావాలనుకుంటే తన జిల్లాలో నిలబడడానికి తనకంటూ ఒక్క సీటు లేదు. జనరల్ సీటులో నిలబడొచ్చు కదా అనేవాళ్లకు నా ప్రశ్న ఒకటే. పెద్ద పార్టీలు జనరల్ సీటులో దళితులకు టికెట్ ఇచ్చిన సందర్భాలు మీకెన్ని గుర్తున్నాయి?

ఈ జిల్లా నుంచే ఒక దళిత మహిళ అయిదుసార్లు వరుసగా గెలిచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమే. రాష్ట్రం రెండు ముక్కలయ్యాక కూడా ఇటు గాని అటు గాని మరో స్త్రీ స్పీకర్ కాలేదు. కావలి ప్రతిభా భారతి గారు. ఈ భాగం ఆమె గురించి, ఆమె కాళ్ల కింద నుంచి కదిలిపోయిన సీటు గురించి.

1983 జనవరి ఎన్నికలు. తెలుగుదేశం పుట్టి ఏడాది కూడా నిండలేదు. ఎచ్చెర్ల అప్పటికి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అక్కడ ఇరవై ఏడేళ్లు కూడా నిండని అమ్మాయికి ఎన్టీఆర్ టికెట్ ఇచ్చారు. గెలిచింది. 1985లో మళ్లీ గెలిచింది. 1989 గుర్తుందా, రాష్ట్రమంతా తెలుగుదేశం ఊడ్చుకుపోయింది, ఎన్టీఆర్ అంతటివారే కల్వకుర్తిలో ఓడిపోయారు. ఆ ఏడాది కూడా ఎచ్చెర్లలో ఆమే గెలిచింది. 1994, 1999. అయిదు. జనరల్ సీట్లలో తాతల నాటి పలుకుబడి ఉన్న మగ నాయకుల్లో కూడా వరుసగా అయిదుసార్లు గెలిచినవాళ్లు తక్కువ.

ఆమె గుడిసెలోంచి వచ్చిన మనిషి కాదు. తండ్రి జస్టిస్ కె.పున్నయ్య గారు హైకోర్టు న్యాయమూర్తి. అంటరానితనం మీద, ఎస్సీ ఎస్టీల మీద దాడుల మీద రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఏకసభ్య కమిషన్ ఆయనదే. పున్నయ్య కమిషన్ అంటే ఇవాళ్టికీ మన ఉద్యమంలో పెద్ద మాట. రాష్ట్రానికి ఎస్సీ ఎస్టీ కమిషన్ రావడం వెనక ఆ నివేదిక ఉంది. రాజ్యాంగం పనితీరును సమీక్షించడానికి 2000లో కేంద్రం వేసిన జాతీయ కమిషన్‌లోనూ ఆయన సభ్యుడు. అలాంటి ఇంటి బిడ్డ కాబట్టి ఎదిగింది అంటారు కొందరు. నేను ఇంకోలా అడుగుతాను. హైకోర్టు జడ్జి కూతురికే సీటు ఇంత కదిలిపోతే, దండాసి ఇంటి ఆడపిల్ల సంగతేమిటి? రెల్లి వీధిలో ఉన్న పిల్ల సంగతేమిటి?

మంత్రి పదవి వచ్చినప్పుడు ఏ శాఖ ఇచ్చారో ఊహించడం కష్టం కాదు. సాంఘిక సంక్షేమం. దళిత ఎమ్మెల్యేకు రాష్ట్రంలో రాసిపెట్టిన శాఖ అది. హాస్టళ్లు, స్కాలర్‌షిప్‌లు, దుప్పట్లు. ఆర్థికం, రెవెన్యూ, నీటిపారుదల ఇలా చేతికి రావు. హాస్టల్ శాఖ చిన్నదని నేననను. ఆ అన్నం తిని చదివినవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ భూమి ఎవరి చేతుల్లో ఉందో, పోలీసు ఎవరి మాట వింటాడో తేల్చేది ఆ శాఖ కాదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. రిజర్వుడు సీటు అనే వస్తువు ఎలా తయారైందో తెలియకపోతే ప్రతిభా భారతి గారి కథ ఒక పార్టీలో ఒక నాయకురాలి గెలుపోటముల జాబితాగా మిగిలిపోతుంది.

1932 ఆగస్టులో బ్రిటిషు ప్రధాని ప్రకటనలో దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. అంటే దళిత ప్రతినిధిని దళితులే ఎన్నుకుంటారు. ఎరవాడ జైల్లో గాంధీ గారి నిరాహార దీక్ష, సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం, ఆ కథ మీకందరికీ తెలుసు. సీట్లు 71 నుంచి 148 అయ్యాయి, ఓటు మాత్రం అందరిదీ అయింది. ఒప్పందంలో ఒక మధ్యేమార్గం ఉండేది. ముందు దళిత ఓటర్లు మాత్రమే నలుగురిని ఎంచుతారు, ఆ నలుగురిలోంచి అందరూ కలిసి ఒకరిని ఎన్నుకుంటారు. రాజ్యాంగం వచ్చాక ఆ మొదటి మెట్టు కూడా తీసేశారు.

1935 చట్టం కింద మద్రాసు శాసనసభలో 215 సీట్లు. అందులో దళితులకు 30, స్త్రీలకు 8. రెండూ వేరువేరు పెట్టెలు. స్త్రీల పెట్టెలో చదువుకున్న పెద్ద కులాల ఆడవాళ్లు, దళితుల పెట్టెలో దళిత మగవాళ్లు. దళిత స్త్రీ అన్న పేరు ఏ పెట్టె మీదా రాయలేదు. మా కంచిలి ప్రాంతం అప్పటికే 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం నుంచి తెగి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. గీతలు గీసేవాళ్లు మా వైపు వచ్చి అడగడం అనే అలవాటు అప్పుడూ లేదు. మా స్టేషన్ సంగతే చూడండి. రైలు ఆగేది కంచిలిలో, బోర్డు మీద పేరు సోంపేట.

1947 ఆగస్టు 28. స్వాతంత్ర్యం వచ్చి రెండు వారాలు కాలేదు. రాజ్యాంగ సభలో కర్నూలు ప్రాంతపు దళిత సభ్యుడు ఎస్.నాగప్ప గారు లేచి ఒక సవరణ పెట్టారు. ఆ పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఆయన అడిగింది ఇదీ. రిజర్వుడు సీటులో గెలిచిన దళిత అభ్యర్థికి పోలైన దళితుల ఓట్లలో కనీసం 35 శాతం వచ్చి ఉండాలి. అలా వస్తేనే గెలిచినట్టు ప్రకటించాలి. ప్రత్యేక నియోజకవర్గం కాదు, వేరే పెట్టె కాదు. మా ప్రతినిధి అని మీరు చెప్పే మనిషికి మాలో మూడోవంతు మందైనా ఓటేశారా లేదా, అంతే. పటేల్ గట్టిగా వ్యతిరేకించారు. సవరణ నిలబడలేదు.

ఆ సభలో ఉన్న ఒకే ఒక్క దళిత మహిళ, కొచ్చిన్ నుంచి వచ్చిన దాక్షాయణి వేలాయుధన్ గారు, ఆ చర్చలో నాగప్ప వైపు నిలబడలేదు. ఆమె వాదన వేరు. మన మనుషులు ఇతరులకు ఆర్థికంగా బానిసలుగా ఉన్నంతకాలం ఏ రకం నియోజకవర్గం అడిగినా ఫలితం లేదని ఆమె అన్నారు. నాకు ఈ ఇద్దరిలో ఎవరు తప్పో తేల్చాలని ఎప్పుడూ అనిపించదు. నాగప్ప అడిగింది ఓటు గురించి, దాక్షాయణి అడిగింది కూలి గురించి. భూమి లేనివాడి ఓటు భూమి ఉన్నవాడి పెరట్లో కట్టేసి ఉంటుంది అని మా ముసలమ్మ ఒకతె అనేది. ఆమెకు ఇద్దరి పేర్లూ తెలియవు.

రాజ్యాంగం వచ్చాక మొదటి రెండు ఎన్నికల్లో కొన్ని చోట్ల ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. ఒకే నియోజకవర్గం, ఇద్దరు ప్రతినిధులు. ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. ఇక్కడ మన ప్రాంతంలోనే ఒక చిత్రం జరిగింది. దీన్ని నెమ్మదిగా చదవండి.

1957 లోక్‌సభ ఎన్నికలు, పార్వతీపురం. ద్విసభ్య స్థానం, రెండో సీటు ఎస్టీలది. పోటీలో వి.వి.గిరి గారున్నారు. సామాన్యుడు కాదు. బరంపురంలో పుట్టినవాడు, 1937లో బొబ్బిలి రాజాను ఓడించినవాడు, 1952లో మన పాతపట్నం నుంచి పార్లమెంటుకు వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి అయినవాడు, తర్వాత దేశానికి రాష్ట్రపతి అయినవాడు. ఓట్లు లెక్కపెట్టారు. అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ఎస్టీ అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణ గారికి రిజర్వుడు సీటు ఇచ్చారు. మిగిలిన జనరల్ సీటు ఆ తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చినవారిది. ఆ తర్వాత ఉన్నది గిరి గారు కాదు, ఇంకో ఆదివాసీ, డిప్పల సూరిదొర గారు. రెండు సీట్లూ ఆదివాసీలకే వచ్చాయి. గిరి గారు ఓడిపోయారు.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక వాదన, రిజర్వుడు సీటుకు నిలబడ్డ మనిషి జనరల్ సీటు తీసుకోకూడదని. రెండో వాదన ఇంకా రుచిగా ఉంటుంది. సూరిదొర తనను తాను క్షత్రియుడని చెప్పుకుంటున్నాడు, కాబట్టి అతను ఎస్టీ కాడు అని. కొండ మీద మనిషి ఇన్నాళ్లూ ఎవరికీ క్షత్రియుడిగా కనపడలేదు, సీటు గెలిచాక కనపడ్డాడు. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రెండు వాదనలనూ తోసిపుచ్చింది. రిజర్వుడు అభ్యర్థి జనరల్ సీటు కూడా గెలవొచ్చు. ఒక మనిషి తనంతట తాను ఏమని చెప్పుకున్నా పుట్టిన కులం మారదు.

అలా రెండేళ్లు గడిచాయో లేదో 1961లో ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం వచ్చింది. పెద్ద నియోజకవర్గాలు, అభ్యర్థులకు తిరగడం భారం, ఖర్చు ఎక్కువ అన్నారు. అందులో నిజం లేకపోలేదు. గిరి గారి ఓటమి వల్లే ఆ చట్టం వచ్చిందని నేననను. కానీ ఫలితం చూడండి. ద్విసభ్య పద్ధతిలో దళితుడు, ఆదివాసీ జనరల్ గడప లోపలికి కాలు పెట్టే సందు ఒకటుండేది. ఆ సందు మూసుకుంది. ఇక మీదట ఇది మీ సీటు, అది మా సీటు. మీ సీటులో ఓటు మాత్రం అందరిదీ.

ఆ తర్వాత తయారైనదే ఎచ్చెర్ల లాంటి సీటు. ఇందులో అభ్యర్థులందరూ దళితులే. కానీ గెలిపించే ఓట్లలో దళితులవి అయిదో వంతు కూడా ఉండవు. శ్రీకాకుళం జిల్లాలో 2001 జనాభా లెక్కల్లో ఎస్సీలు తొమ్మిది శాతం. తూర్పు కాపులు, కాళింగులు, వెలమలు, మత్స్యకారులు ఎటు మొగ్గితే అటు ఫలితం. అభ్యర్థిని ఎంచేది హైదరాబాదులో పార్టీ ఆఫీసు. అందుకే పూనా ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన రోజున, 1982 సెప్టెంబర్ 24న, కాన్షీరాం గారు చెంచా యుగం పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత నాలుగు నెలలకే ప్రతిభా భారతి గారు మొదటిసారి పోటీ చేశారు.

ఆమెను ఆ మాటతో పిలిచినవాళ్లు మన ఉద్యమంలో ఉన్నారు. కారంచేడు జరిగిన 1985లో ఆమె అధికార పార్టీ ఎమ్మెల్యే కదా అని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్న అడగాల్సిందే. అయితే నాకు ఒక అభ్యంతరం ఉంది. అదే పార్టీలో ఉన్న మగ దళిత ఎమ్మెల్యేల మీద ఆ మాట అంత సులువుగా పడలేదు. పైగా ఒక దళిత స్త్రీ ప్రతి ఎన్నికలో ఊరూరా తిరిగి, పెద్ద వీధుల్లో గడప ముందు నిలబడి ఓటడిగి, అయిదుసార్లు గెలవడం వెనక ఎంత ఓపిక, ఎంత మింగుకోవడం ఉంటుందో మన ఆడవాళ్లను అడగండి. 1999లో ఆమె స్పీకర్ అయ్యారు. రెడ్లూ కమ్మలూ వెలమలూ నిండిన సభలో ఎవరు మాట్లాడాలన్నా ముందు "అధ్యక్షా" అని ఒక దళిత స్త్రీ వైపు తిరగాలి. ఆమె కూర్చోమంటే కూర్చోవాలి. అది ఉత్త అలంకారం అనేవాళ్లు ఊళ్లో రచ్చబండ మీద కూర్చోనివ్వని మనుషుల కడుపున పుట్టినవాళ్లు కారనుకుంటాను.

2004లో గాలి మారింది. ఎచ్చెర్లలో కాంగ్రెస్ నుంచి కోండ్రు మురళీమోహన్ గారు ఆమెను ఓడించారు. ఓటమి ఎన్నికల్లో సహజం, మళ్లీ నిలబడొచ్చు. కానీ మళ్లీ నిలబడే వేళకు సీటు అక్కడ లేదు.

2002లో డీలిమిటేషన్ చట్టం వచ్చింది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ గారి అధ్యక్షతన కమిషన్. 2001 జనాభా లెక్కల ఆధారంగా దేశమంతా నియోజకవర్గాలు తిరగగీశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 294 సీట్లలో ఎస్సీలవి 39 నుంచి 48 అయ్యాయి, ఎస్టీలవి 15 నుంచి 19 అయ్యాయి. రాష్ట్రంలో మనవి తొమ్మిది పెరిగాయి. మరి శ్రీకాకుళం జిల్లాలో?

అంతకుముందు జిల్లాలో 12 సీట్లు. ఎచ్చెర్ల ఎస్సీ, పాలకొండ ఎస్సీ, కొత్తూరు ఎస్టీ. 2008 తర్వాత జిల్లాకు 10 సీట్లు. సోంపేట, హరిశ్చంద్రపురం, ఉణుకూరు, కొత్తూరు మాయమయ్యాయి. పలాస, రాజాం కొత్తగా వచ్చాయి. ఎచ్చెర్ల జనరల్ అయింది. పాలకొండ ఎస్టీ అయింది. ఎస్సీలకు మిగిలింది ఒక్క రాజాం. రాష్ట్రంలో పెరిగిన చోట జిల్లాలో సగమయ్యాయి. మా కంచిలి ఇప్పుడు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మండలాలతో కలిసి ఇచ్ఛాపురం నియోజకవర్గంలో ఉంది.

ఇది కుట్ర అని పోస్టు పెడితే లైకులు బాగానే వస్తాయి. లెక్క చదవడం కష్టం. అయినా చదువుదాం. 2001లో రాష్ట్రంలో ఎస్సీలు కోటీ ఇరవై మూడు లక్షలు. 48 సీట్లకు పంచితే ఒక్కో సీటుకు రెండున్నర లక్షల పైచిలుకు. శ్రీకాకుళం జిల్లాలో ఎస్సీలు అంతకంటే కొంచెం తక్కువే. కాబట్టి లెక్క ప్రకారం జిల్లాకు ఒక్క సీటు. అంతకుముందు రెండుండటమే మనకు ఎక్కువ అనొచ్చు కూడా. అంకె తప్పు కాదు. నా గొడవ అంకెతో కాదు. ఆ ఒక్క సీటు ఎక్కడుండాలో తేల్చే పద్ధతితో.

చట్టం ఏమంటుందంటే, ఎస్టీ సీట్లు వాళ్ల జనాభా నిష్పత్తి బాగా ఎక్కువున్న చోట పెట్టాలి. ఎస్సీ సీట్లు మాత్రం రాష్ట్రంలో వేరువేరు ప్రాంతాలకు పంచుతూ, వీలైనంతవరకు జనాభా ఎక్కువున్న చోట పెట్టాలి. అంటే ఆదివాసీ సీటు కొండను పట్టుకుని ఉంటుంది. దళిత సీటు నడుస్తుంది. అది ఎటు నడవాలో చెప్పే గదిలో ఎవరుంటారు? కమిషన్, దానికి సలహాకు అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు. ఆ పదిమందికీ ఓటు హక్కు లేదు, మాట హక్కు ఉంది. ముసాయిదా వేస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగ విచారణ పెడతారు. తుది ఉత్తర్వు గెజిట్‌లో వచ్చిందంటే ఇక ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని చట్టం చెబుతుంది. ఈ సంగతి తేల్చిన కేసు ఎలా మొదలైందో తెలుసా? ఉజ్జయిని వాస్తవ్యుడు మేఘరాజ్ కొఠారి. అంతవరకూ జనరల్‌గా ఉన్న మా సీటును ఎస్సీ రిజర్వుడు చేశారేమిటని 1960ల్లో కోర్టుకెక్కాడు. కుదరదు పొమ్మంది సుప్రీంకోర్టు. మన సీటు మీద కోపంతో ఒకాయన కొట్టిన తలుపు, మన సీటు పోయినప్పుడు మనకూ తెరుచుకోదు.

సరే, 2009. ప్రతిభా భారతి గారు ఎచ్చెర్ల వదిలి రాజాం వెళ్లాల్సి వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా తెలిసిన ఊళ్లు, పేరు పెట్టి పిలిచే ముసలమ్మలు, బూత్ బూత్‌కీ తెలిసిన మనుషులు, అంతా ఎచ్చెర్ల, లావేరు, రణస్థలం, జి.సిగడాం వైపు ఉండిపోయింది. రాజాం పాత ఉణుకూరు ప్రాంతం, వేరే నాయకుల ఇలాకా. జనరల్ సీటు నాయకుడికి గీత కదిలితే పక్క సీటుకు వెళ్లే దారి ఉంటుంది, చుట్టూ జనరల్ సీట్లే కదా. రిజర్వుడు సీటు నాయకురాలికి జిల్లా మొత్తంలో ఒక్కటే తలుపు. 2004లో ఆమెను ఓడించిన మురళీమోహన్ గారికీ అదే తలుపు. ఇద్దరు దళితులు ఒకే గుమ్మంలో తోసుకోవాలి. ఆయన గెలిచారు. ఎచ్చెర్లలో ఆ ఏడాది మీసాల నీలకంఠం నాయుడు, 2014లో కిమిడి కళా వెంకటరావు, 2019లో గొర్లె కిరణ్ కుమార్, 2024లో నడుకుదిటి ఈశ్వరరావు. ఆమె అయిదుసార్లు గెలిచిన సీటులో ఆ తర్వాత నాలుగు ఎన్నికల్లో దళితులెవరూ గెలవలేదు, స్త్రీ ఎవరూ గెలవలేదు.

మధ్యలో ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 2012 జూన్ 12. పక్కన నరసన్నపేటలో ఉప ఎన్నిక పోలింగ్ జరుగుతున్న రోజు. వంగర మండలం లక్షింపేటలో, మడ్డువలస రిజర్వాయర్ కోసం తీసుకున్న భూముల గొడవలో అయిదుగురు దళితులను చంపేశారు. వంగర మండలం ఎక్కడుంది? రాజాం ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో. ఆనాటి ఎమ్మెల్యే దళితుడే, రాష్ట్ర మంత్రి కూడా. సీటు మనదే, ఎమ్మెల్యే మనవాడే, మంత్రి మనవాడే. చెరువు గట్టున శవాలు కూడా మనవే. 1947లో దాక్షాయణి గారు కూలి గురించి, బానిసత్వం గురించి చెప్పిన మాట నాకు ఆ రోజు అర్థమైనంతగా ఏ పుస్తకం చదివినా అర్థం కాలేదు. అలాగని సీటు వద్దందామా? ఆ ఊరివాళ్లు పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. ప్రభుత్వాన్ని కదిలించాలంటే లోపల ఒక గొంతు కావాలి. గొంతు ఉన్నా చాలదు, లేకపోతే అసలే చాలదు.

2014లో ఆమె మళ్లీ రాజాంలో నిలబడ్డారు. వైసీపీ అభ్యర్థి కంబాల జోగులు గారి చేతిలో 512 ఓట్ల తేడాతో ఓడిపోయారు. జోగులు గారి దారి కూడా చూడండి, 2004లో పాలకొండ ఎస్సీ సీటులో గెలిచిన మనిషి. పాలకొండ ఎస్టీ అయ్యాక ఆయనా రాజాం తలుపుకే వచ్చారు. ఎచ్చెర్ల దళిత నాయకులూ పాలకొండ దళిత నాయకులూ అందరూ ఒకే గుమ్మానికి.

ఆ 512 దగ్గర నాకు నాగప్ప గారు గుర్తొస్తారు. ఆ ఎన్నికలో దళితవాడల ఓట్లు ఎటు ఎన్ని పడ్డాయో ఎవరికీ తెలియదు. తెలుసుకునే ఏర్పాటే లేదు. దళితుల ప్రతినిధిని ఎన్నుకునే ఎన్నికలో దళితులు ఎవరిని కోరుకున్నారన్నది లెక్కలోకి రాని సంగతి. ఆయన అడిగిన 35 శాతం ఒప్పుకుని ఉంటే ఫలితం మారేదో మారకపోయేదో. ప్రతి పార్టీ మాత్రం టికెట్ ఇచ్చేముందు మన వాడకు ఒకసారి వచ్చి అడిగి ఉండేది.

2019లో తెలుగుదేశం రాజాం టికెట్ ఆమెకు ఇవ్వలేదు. అంతకుముందు కాంగ్రెస్‌లో ఉండి ఆమెను రెండుసార్లు ఓడించిన మురళీమోహన్ గారు పార్టీలోకి వచ్చారు, టికెట్ ఆయనకిచ్చారు. 1983 నుంచి జెండా మోసిన మనిషి పక్కకు జరగాలి. ఆమె శాసనమండలి సభ్యురాలిగా కూడా ఉన్నారు. 2025లో ఆమె కూతురు కావలి గ్రీష్మ గారు కూడా ఎమ్మెల్సీ అయ్యారు. మంచిదే, దళిత ఆడబిడ్డ సభలో ఉండాలి. కానీ తేడా గమనించండి. తల్లి మొదట జనం ఓట్లతో వెళ్లింది. తర్వాత తల్లీ కూతురూ ఎమ్మెల్యేల ఓట్లతో, పార్టీ జాబితాలో పేరుంటే వెళ్లారు. జనం ఓటుతో వెళ్లే దారి సన్నబడినప్పుడు పార్టీ దయతో వెళ్లే దారి వెడల్పవుతుంది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మళ్లీ గీతలు గీసే కాలం దగ్గరపడుతోంది.

2023 సెప్టెంబరులో 106వ రాజ్యాంగ సవరణ జరిగింది. శాసనసభల్లో స్త్రీలకు మూడోవంతు సీట్లు. ఎస్సీ, ఎస్టీ సీట్లలో కూడా మూడోవంతు ఆ వర్గాల స్త్రీలకు. పంచాయతీల్లో దళిత స్త్రీకి వాటా 1993లోనే వచ్చింది. శాసనసభకు సంబంధించిన చట్టంలో దళిత స్త్రీ అన్న మాట పడడానికి 1935 నుంచి లెక్కిస్తే 88 ఏళ్లు పట్టింది. ఇప్పుడున్న 29 ఎస్సీ సీట్ల లెక్కన చూస్తే పదిమంది దాకా దళిత మహిళా ఎమ్మెల్యేలు. చప్పట్లు కొట్టేముందు షరతు చదవండి. ఆ చట్టం తర్వాత జరిగే జనగణన పూర్తయి, దాని ఆధారంగా డీలిమిటేషన్ జరిగితేనే అమలు. ఇంకో షరతు, ప్రతి డీలిమిటేషన్ తర్వాతా స్త్రీల సీట్లు మారుతుంటాయి. అంటే ఎస్సీ స్త్రీ సీటుకు రెండు జతల కాళ్లు. ఒక జత కులం లెక్కది, ఒక జత స్త్రీ లెక్కది. ఇరవై ఆరేళ్లు ఒక చోట వేళ్లు దిగే అవకాశం ప్రతిభా భారతి గారికైనా దొరికింది. రేపటి పిల్లకు ఒక ఎన్నికో రెండు ఎన్నికలో.

కొత్త శ్రీకాకుళం జిల్లాను లెక్కకు తీసుకుంటే పరిస్థితి ఇంకా నాజూకు. ఎనిమిది సీట్ల జిల్లా, పదిశాతం లోపు ఎస్సీలు. లెక్క ఒకటికి లోపలే తేలుతుంది. పైకి లాగితే ఒక సీటు, కిందికి లాగితే సున్నా. పైకి లాగాలో కిందికి లాగాలో అంకెలు చెప్పవు, అక్కడ మాట్లాడేవాళ్లు చెబుతారు. విభజన చట్టంలో రాష్ట్రానికి 225 సీట్లు అన్న మాట ఉంది, అది జరిగితే లెక్క మళ్లీ మారుతుంది. ఏది జరిగినా ముసాయిదాకు, గెజిట్‌కు మధ్య ఉండే కొద్ది వారాలే మనకున్న కాలం. 2010లో సోంపేట బీల కోసం కాల్పులు జరిగినప్పుడు గాని, ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మన వాడలు ఖాళీ అవుతున్నప్పుడు గాని మనం రోడ్డెక్కడం నేర్చుకున్నాం. డీలిమిటేషన్ విచారణ హాల్లోకి కాగితం పట్టుకుని వెళ్లడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. పోయినసారి అలాంటి విచారణలకు మన సంఘాల్లోంచి ఎంతమంది వెళ్లారో మీ మీ ఊళ్లలో పెద్దలను అడిగి చూడండి.

మేం కొందరం మండలాల వారీగా కాగితాలు రాయడం మొదలుపెట్టాం. ఏ పంచాయతీలో ఎన్ని ఎస్సీ కుటుంబాలు, అందులో మాల ఎంత, పైడి ఎంత, రెల్లి ఎంత, దండాసి ఎంత, ఓటర్లలో ఆడవాళ్లెంత. కంచిలి, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస మండలాల మిత్రులు మీ ఊరి లెక్క తీసి పంపండి. సర్పంచ్‌గా చేసిన అక్కలు, వార్డు మెంబర్లుగా చేసిన అక్కలు ముందు కూర్చుంటే బాగుంటుంది. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లో వాళ్లకు తెలిసినంతగా జనగణన చేసేవాళ్లకు కూడా తెలియదు.

వచ్చే భాగంలో నాగప్ప గారి సవరణ మీద ఆ రోజు సభలో ఎవరెవరు ఏమన్నారో వివరంగా రాస్తాను.

జై భీమ్.